నాన్న పాతిన జెండాలు

యాభై నాలుగేళ్ళ జకూసి ఇరవై రెండేళ్ళ మియాలియాను ‘నాన్నా’ అని పిలుస్తాడు. ఆ పిల్ల అతన్ని ‘అబ్బాయ్’ అంటుంది. ఉత్తర ధ్రువం దగ్గరి మా ఇటిల్లిక్ ఊళ్ళో దీనికి నవ్వేవాళ్ళెవరూ లేరు, దక్షిణాది నుంచి విమానం దిగినవాళ్ళు తప్ప. వాళ్ళు నవ్వితే నవ్వనీ, మనకేం పోయింది? పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెట్టాక ఆ మనిషే తిరిగొచ్చినట్టు. ఆడా మగా అన్న తేడా పేరుకి లేదు.

జకూసి కన్నతండ్రి పేరు ఉయరక్. జకూసికి తొమ్మిదేళ్ళప్పుడు, చలికాలం మొదట్లో, ఊరి పక్క సరస్సు మీద మంచుగడ్డ విరిగి మంచు బండితో సహా మునిగిపోయాడు. రెండు రోజులకి గానీ శవం దొరకలేదు. ఆ తరవాత ఇరవై మూడేళ్ళకి మియాలియా అమ్మమ్మ కలలోకి వచ్చి గుక్కెడు మంచినీళ్ళు అడిగాడట. ఇంకేం, మర్నాడు పుట్టిన పిల్లకి పేరు ఖాయమైపోయింది. బడి కాగితాల్లో మియాలియా, ఇళ్ళల్లో ఉయరక్.

ఆ పిల్లకి నడక వచ్చిన దగ్గర్నుంచీ జకూసి మీద పెత్తనమే. ముక్కు కారుతూ అంగడి ముందు నిలబడి, “అబ్బాయ్, ఆ బిళ్ళలు కొనిపెట్టు” అని హుకుం జారీ చేసేది. వేటలో సీలు జంతువుని కొడితే కాలేయంలో మొదటి ముక్క దానింటికి వెళ్ళాల్సిందే. జకూసి పెళ్ళాం నౌయా, “వెళ్ళవయ్యా, మీ నాన్న పిలుస్తున్నాడు, పాలపళ్ళు ఊడాయట” అని ఆటపట్టించేది. జకూసి పరుగు పరుగున వెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళకే తండ్రి పోయినవాడు కదా, ఆ పిల్ల కసురుకున్నా అతనికి కడుపు నిండేది.

అయితే ఈ పిలుపులో చిక్కొకటుంది. మనం పిలిచే వరసే మన నోటికి తాళం. తండ్రి పేరు మోస్తున్న మనిషికి ఎదురు చెప్పకూడదు, తప్పు పట్టకూడదు. కసిరితే ఆ పేరు బెదిరి మనిషిని విడిచి వెళ్ళిపోతుందని, పేరు విడిచిన ప్రాణం నిలవదని మా పెద్దల భయం. జకూసి ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పిల్లకి ‘కాదు’ అనలేదు. అనే అవసరం కూడా రాలేదు, ఆ శిక్షణ వచ్చేదాకా.

సరస్సు అవతల కంకర గుట్ట ఉంది. విమానాల బాట పొడిగించడానికి ఆ కంకర కావాలి. ఏటా చలికాలం సరస్సు గడ్డ మీద దారి వేసి బరువు బండ్లు తోలడానికి దక్షిణాది నుంచి మనుషులు దిగేవారు. మా కుర్రాళ్ళు కిటికీల్లోంచి చూస్తూ కూర్చునేవారు. ఈ ఏడు ఆ పని ఊరివాళ్ళకే నేర్పుతామని ఒక కాలేజీ వచ్చింది. నెగ్గినవాళ్ళకి ఊళ్ళోనే పక్కా ఉద్యోగం. పదిమంది పేర్లిచ్చారు. వేటకని కొందరు, విసుగొచ్చి కొందరు జారుకోగా చివరికి మిగిలింది మియాలియా ఒక్కతే. కంకర ఎత్తే లోడరు బండి తోలడం నేర్పేది కాలేజీ నుంచి వచ్చిన వారెన్ సారు. గడ్డ సంగతి నేర్పేది జకూసి. ముప్ఫై ఏళ్ళు ఊరి నీళ్ళ లారీ తోలినవాడు, గడ్డ మీద అడుగేస్తే కింద ఏముందో బూటు అడుగుతోనే చెప్పగలవాడు, అతను కాక ఇంకెవరు?

మా దగ్గర నేర్పడమంటే చేసి చూపించడమే. చూసినవాళ్ళు నేర్చుకుంటారు. చూడనివాళ్ళకి గడ్డే చెబుతుంది, కాకపోతే అది చెప్పేది ఒక్కసారే.

జకూసి చూపించాడు. బర్మాతో గడ్డకి బొక్క తొలిచి, బోర్లా పడుకుని, బొక్కలోకి మొహం పెట్టి చాలాసేపు చూశాడు. పైన తెల్ల గడ్డ ఎంతుంది, కింద నీలి గడ్డ ఎంతుంది అని. తెల్లది కురిసిన మంచు నీళ్ళలో నాని బిగుసుకున్నది, దాని బలం సగమే. రెండు జానలుంటే ఒక జానే అనుకోవాలి. నీలిది మాత్రం అసలు సిసలు గడ్డ. ఆ తరవాత కొలబద్ద దించాడు. మియాలియా చూసింది కొలబద్దనే. మొహం పెట్టి చూడటం ముసలాడి చాదస్తం అనుకుంది కాబోలు. తన వంతు వచ్చినప్పుడు బొక్క తొలిచి, కొలబద్ద దించి, తెల్లదీ నీలిదీ కలిపి మొత్తం పుస్తకంలో రాసేసుకుంది. లోడరుకి డెబ్బై సెంటీమీటర్లు ఉండాలి. డెబ్బై రెండు వచ్చింది. చకచకా దారికి గుర్తుగా ఎర్ర జెండా పాతింది.

‘తప్పు’ అనే ముక్క జకూసి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వెళ్ళాక తనొక్కడే సరస్సు మీదకి వెళ్ళి, మళ్ళీ బొక్కలు తొలిచి, జెండాలన్నీ పీకి ముప్ఫై అడుగులు లోపలికి, గట్టి గడ్డ మీదకి జరిపాడు. రాత్రి గాలికి లేచిన మంచులో అడుగుల జాడలూ పాత బొక్కలూ కప్పుకుపోయాయి. మర్నాడు లోడరు ఆ జెండాల వెంబడి హాయిగా వెళ్ళివచ్చింది. “చూశావా అబ్బాయ్, నా గుర్తు ఎలా ఉందో!” అంది మియాలియా. జకూసి కనుబొమలు ఎగరేశాడు. మాకు అవునంటే అంతే, నోరు తెరవక్కర్లేదు. ఆ నోరు తెరవకపోవడమే అతని కొంప ముంచింది. ఒక్కరోజుతో పోలేదు, ఐదు వారాలు ఇదే తంతు.

నౌయా పసిగట్టింది. “ఏమయ్యా, కూడు చల్లారిపోతుంటే రోజూ ఆ సరస్సు మీద ఏం పాతిపెడుతున్నావు?”

దాచలేక చెప్పేశాడు. నౌయా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ పిల్లకి తనకి రాదని కూడా తెలీదే! రేపు నువ్వు పక్కన లేని రోజున?”

“నువ్వు చెప్పవే, కాస్త నెమ్మదిగా.”

“నేనా? ఆయన నాకు మామగారు! మామగారికి నేను తప్పు పట్టనా? నోరు పడిపోదూ!” అంది నౌయా. అంతలోనే, “చెప్పయ్యా. ఎలాగోలా నువ్వే చెప్పు” అంది మెల్లగా.

చెబుతాను, చెబుతాను అంటూనే వారాలు దొర్లిపోయాయి. డిసెంబరు వచ్చింది. వారెన్ సారు కాగితాలు ముందేసుకుని పరీక్ష సంగతి చెప్పాడు.

“రేపు పదకొండింటికి. కొత్త దారి, వాగు వచ్చి సరస్సులో కలిసే వైపు నుంచి. మియాలియా ఒక్కతే కొలిచి, జెండాలు పాతి, ఆ దారిన మొదటి లోడరు తనే తోలుకెళ్ళాలి. మీరు నాతో పాటు ఒడ్డున కారులో కూర్చుంటారు. సాయం చెయ్యకూడదు. రేడియో మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే ఆపమని చెప్పండి. చెప్పారంటే పరీక్ష పోయినట్టే. ఎల్లుండి నా విమానం. మళ్ళీ పరీక్ష అంటే మార్చిలోనే.”

వాగు కలిసే వైపు! అక్కడ పారే నీళ్ళు గడ్డని అడుగు నుంచి తినేస్తుంటాయి. పైన మంచు పేరుకుని తెల్లగా, మందంగా, నమ్మకంగా కనిపిస్తుంది. నలభై అయిదేళ్ళ కిందట ఉయరక్ మునిగింది కూడా సరిగ్గా అక్కడే.

ఆ రాత్రి అతనికి కంటి మీద కునుకు లేదు. ఒకే పేరు ఒకే నీళ్ళలోకి రెండుసార్లు వెళ్తుందా? ఈసారి పంపిస్తున్నది ఎవరు? తనే కదా! జెండాలు జరిపిన తన చేతులే కదా!

పొద్దున్నే మియాలియా ఇంటికి పరిగెత్తాడు. ఆ పిల్ల టీ తాగుతూ బూట్లు బిగించుకుంటోంది. మొహం వెలిగిపోతోంది.

“ఏంటబ్బాయ్, ఇంత పొద్దున్నే? తిన్నావా?”

“తిన్నాను నాన్నా. అదీ... ఇవాళ గాలి బాగోలేదేమో.”

“గాలా? పొగగొట్టం చూడు, పొగ నిట్టనిలువుగా లేస్తోంది.”

“నాకు మోకాళ్ళు లాగేస్తున్నాయి. మార్చిలో పెట్టుకుంటే?”

“నీ మోకాళ్ళకీ నా పరీక్షకీ ఏంటి సంబంధం?” అని నవ్వింది. “భయమేస్తోందా? నువ్వు నేర్పిన పనేగా. ఐదు వారాల్లో ఒక్క జెండా అయినా తప్పు పాతానా?”

జకూసి నోరు తెరిచాడు. ఆ కళ్ళలోని నమ్మకాన్ని చూసి తలొంచుకుని బయటికి వచ్చేశాడు. ఆ గుమ్మం దాటుతూ తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

పదిన్నరకి వెలుతురు పడింది. జకూసి ఒడ్డున కారులో కూర్చున్నాడు. దుర్భిణి కళ్ళకి ఆనించి ఉన్నాడు. మియాలియా బర్మా తిప్పుతోంది, కొలబద్ద దించుతోంది, రాసుకుంటోంది. బోర్లా పడుకోలేదు. ఒక్కసారీ మొహం పెట్టి చూడలేదు. మొదటి జెండా, రెండోది, మూడోది బాగానే పడ్డాయి. నాలుగోది వాగు నోటికి దగ్గరగా పడింది. ఐదోది ఇంకా దగ్గరగా.

రేడియోలో గొంతు హుషారుగా పలికింది: “ఐదో బొక్క, డెబ్బై రెండు.”

“భేష్” అని వారెన్ కాగితం మీద టిక్కు పెట్టాడు.

డెబ్బై రెండులో తెల్లది నలభై ఉంటుందని ఆ గడ్డ రంగు చూసే జకూసికి తెలుసు. దాంట్లో సగం కొట్టేస్తే మిగిలేది యాభై రెండు. లోడరు పద్నాలుగు టన్నులు.

“సారూ, ఆపండి” అన్నాడు.

“ఎందుకు? కొలత సరిపోయిందిగా?”

ఎందుకో చెప్పాలంటే నాన్నకి పని రాదని పరాయివాడి ముందు అనాలి. ఇన్నాళ్ళూ తను చేసిన దొంగపని కూడా బయటపెట్టాలి.

“ఏం లేదు. ఊరికే” అన్నాడు జకూసి. ఆ మాట అంటున్నప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

లోడరు కదిలింది. మొదటి జెండా దగ్గర గడ్డ కింద నుంచి మోత వచ్చింది, కూత పెట్టినట్టుగా. అది మంచి మోతే, గట్టి గడ్డ అరుస్తుంది. రెండో జెండా. మూడో జెండా. గడ్డ ఇంకా అరుస్తూనే ఉంది. నాలుగో జెండా దాటేసరికి ఆ అరుపు తగ్గిపోయింది. మెత్తగా, చప్పగా అయిపోయింది. వారెన్‌కి అది తెలియలేదు, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. జకూసికి మాత్రం తెలిసిపోయింది. బొటనవేలు రేడియో మీట మీద ఉంది. నొక్కాడు. మాట రాలేదు. ఊరంతటి వంటిళ్ళలో ఆ రేడియో మోగుతుంటుంది, ఏం చెప్పినా ఊరంతా వింటుంది. ఊరంతటి ముందు నాన్నని తప్పు పట్టడమా? మీట వదిలేశాడు.

లోడరు ముందు చక్రాల కింద మంచు తడిసి బూడిద రంగుకి తిరిగింది.

“నాన్నా!”

ఆ కేకకి వారెన్ చేతిలో కలం జారిపోయింది.

“నాన్నా, ముందుకి పోవద్దు! తప్పు! నీ జెండా తప్పు! నువ్వు పాతింది తప్పు!”

లోడరు ఆగింది. ఆగడం ఇంకా ప్రమాదం, నిలబడ్డ బరువు కింద గడ్డ కుంగిపోతుంది.

“ఆగకు! ఆగకు నాన్నా! తలుపు తీసి ఉంచుకో. వెనక్కి పోనివ్వు. వచ్చిన జాడలోనే, మెల్లగా. అటూ ఇటూ తిప్పకు!”

“అబ్బాయ్, నా కొలత డెబ్బై...”

“నీ కొలత తప్పని చెబుతున్నాగా! మాట విను! వెనక్కి రా!”

ఇరవై రెండేళ్ళలో అతని నోట అటువంటి గొంతు ఆ పిల్ల వినలేదు. లోడరు వెనక్కి కదిలింది. అది జరిగిన కొద్దీ చక్రాల జాడల్లో నీళ్ళు ఊరుతున్నాయి. ముందు సన్నగా, తరవాత మడుగులా. జకూసి కారు దిగి ఎప్పుడు పరిగెత్తాడో అతనికే తెలియదు. ఇంకొక్క బండి పొడవు. ఇంకో అర. గడ్డ మళ్ళీ అరిచింది. ఆ అరుపు విన్నాక గానీ అతని పరుగు ఆగలేదు.

మియాలియా దిగి వచ్చింది.

“నేను ఆగేసరికి ఐదో జెండా ఇంకా ఇరవై అడుగులుంది. అక్కడ కొలిచాను. డెబ్బై రెండు.”

జకూసి లోడరులోంచి బర్మా తీసుకున్నాడు. మనిషి బరువుని ఆ గడ్డ మోస్తుంది, అందుకని ఆమెతో నడిచి వెళ్ళి ఐదో జెండా పక్కనే తొలిచాడు. “పడుకో. మొహం పెట్టి చూడు.”

ఆమె పడుకుని చూసింది. చాలాసేపు లేవలేదు.

“సగం పైన తెల్లగా ఉంది” అంది బొక్కలోకే.

“తెల్లది సగానికే లెక్క నాన్నా. కాలేజీ ఇచ్చిన పుస్తకంలో కూడా ఉంది. నువ్వు మొదటిరోజు నుంచీ మొత్తం రాస్తున్నావు.”

“మరి ఐదు వారాలు లోడరు ఎలా నడిచింది?”

చెప్పాడు. రోజూ సాయంత్రం తను చేసిన పని అంతా చెప్పాడు. ఆ పిల్ల లేచి కూర్చుంది.

“ప్రతిరోజూనా? ప్రతిరోజూ పొద్దున వచ్చి నేను గొప్పలు పోతుంటే, నువ్వు కనుబొమలు ఎగరేస్తూ నిలబడ్డావా? నన్ను చంపేసేవాడివి, తెలుసా? మర్యాద అనుకుంటూ చంపేసేవాడివి!”

“నీకు ఎదురు చెప్పడం... నా వల్ల కాలేదు నాన్నా.” అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతు అయిపోయింది. “అప్పుడూ కాలేదు.”

“అప్పుడంటే?”

నలభై అయిదేళ్ళుగా నౌయాకి కూడా చెప్పని మాట అది.

“ఆ రోజు పొద్దున నీళ్ళకి నేనే వచ్చాను ఇక్కడికి. వాగు నోటి దగ్గర మంచు తడిసి నల్లగా ఉంది, నేను చూశాను. ఇంటికొచ్చేసరికి నువ్వు బండి కడుతున్నావు. ఈ దారినే పోతానన్నావు. చెబుదామనుకున్నాను. నీకు తెలియనిది నాకేం తెలుసులే, నాన్నకి చెప్పేంతటివాణ్ణా అనుకున్నాను. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను.”

మియాలియా అతన్ని చూస్తూ ఉండిపోయింది. ఒడ్డున వారెన్ ఏదో అరుస్తున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. ‘పోనీలే, చిన్నపిల్లాడివి’ అంటుందని అతను అనుకున్నాడేమో. ఊళ్ళో ఎవరైనా అదే అనేవారు. ఆమె అనలేదు.

“చెబితే ఆగనా, అబ్బాయ్?” అంది.

ఆ మాటకి జకూసి ఏడ్చాడు. చలికి కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టుకుపోతున్నా ఆపుకోలేక ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. పక్కనే కూర్చుంది.

వారెన్ అక్కడికి చేరుకున్నాక కాగితం చాపి, ఏం రాయమంటారని జకూసిని అడిగాడు. “తప్పిందని రాయండి సారూ” అన్నాడు జకూసి. వారెన్ మియాలియా వంక చూశాడు. “ఆయన చెప్పిందే రాయండి, మార్చిలో రండి” అంది ఆమె. తలుపు తీసి ఉంచిన లోడరు మూడో జెండా దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. దాని ముందున్న మడుగు మీద అప్పటికే పలచని పొర కడుతోంది. వారెన్ దాన్ని చూస్తూ రాసి, కారు వైపు వెళ్ళిపోయాడు.

వెలుతురు ఇంకో గంట ఉంటుంది. మియాలియా బర్మా అతని చేతిలో పెట్టింది.

“లే. అక్కడ తొలువు. ఈసారి నేను చూసి చెబుతా. తప్పైతే మొహం మీదే చెప్పు. పేరు బెదిరి పోతే పోనీ, ప్రాణం ఉంటుంది.”

అతను తొలిచాడు. ఆమె బోర్లా పడుకుని, మొహం పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. కొలబద్ద దించింది. పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంది.

“అరవై ఒకటి” అంది.

జకూసి వంగి చూశాడు. ముప్ఫై రెండు తెల్లది, ముప్ఫై అయిదు నీలిది.

“తప్పు నాన్నా,” అన్నాడు. “యాభై ఒకటి. మళ్ళీ చూడు.”